తీసుకుపో తల్లీ

ప్రియమైన చిన్నోడా,

నేను చెబుతుంటే పక్కింటి నర్సమ్మ రాస్తోంది. తిట్లు కూడా వదలొద్దన్నాను. మీ రంగుల మిల్లు గొట్టం మన వాగులోకి తిప్పిన దగ్గర్నుంచి వీధి బావి నీళ్ళు తుప్పు వాసన కొడుతున్నాయి. అవే తాగి మీ పిన్ని ఒళ్ళంతా వాచింది. కిడ్నీలు చెడ్డాయంటున్నాడు డాక్టరు. నీళ్ళు పరీక్ష చేసి ఆ గొట్టానికి సంతకం పెట్టింది నువ్వేనట. పెట్టిన చేత్తోనే కొట్టెయ్. లేదంటే మిల్లు మీద పెట్టిన విచారణకు నేనే వచ్చి మాట్లాడతాను.

మీ అమ్మ
(వేలిముద్ర)

ప్రియమైన అమ్మకు,

పిన్నికి మందులు పంపుతున్నాను. కోపం తగ్గాక ఒక్క సంగతి గుర్తు చేసుకో. అద్దకం పని చేసిన రోజుల్లో మిగిలిన నీలిరంగు కుండ వాగులో బోర్లించి "తీసుకుపో తల్లీ" అనేదానివి. మూడో మలుపుకల్లా నీళ్ళు తేటపడేవి. నువ్వు చూపిస్తేనే నేర్చుకున్నాను. మిల్లు కాగితంలో రాసిందీ అదే: 'వ్యర్థజలము ప్రవాహములో కలిసి తొలగిపోవును.' వాగు మోస్తుందమ్మా. ఎప్పుడూ మోసింది.

నీ చిన్నోడు

అమ్మా,

నా ఉత్తరానికి జవాబు లేదు. పిన్నికి ఎలా ఉంది? విచారణకు మాత్రం రావద్దు. నువ్వేం మాట్లాడినా నా సంతకం దగ్గరికే వస్తుంది. ఉద్యోగం పోతుంది.

నీ చిన్నోడు

ప్రియమైన చిన్నోడా,

ఇంకా ప్రియమైనవాడేనా అని నర్సమ్మ అడిగింది. రాయమన్నాను.

నీ ఉత్తరం చదివించుకుని మూడో మలుపు దాటి నడిచాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ అటు పోలేదు. అక్కడ నా ఈడుదే ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. నాది ఏ వీధో, ఒకప్పుడు అద్దకం చేశానని చెప్పగానే నడుం మీద చెయ్యి వేసుకుంది. "నా తెల్లచీరలన్నీ నీలం చేసిన మహాతల్లివి నువ్వేనా? నిన్ను తిట్టకుండా ఒక్క చీర ఉతకలేదు నేను" అంది. నీళ్ళలో మనకు కనపడని రంగు ఆవిడ బట్టకు పట్టింది. వాగు మన దగ్గర్నుంచి తీసుకుపోయిందనుకున్నానురా. ఆవిడకు తెచ్చిపెట్టింది.

నాది ఆకు పులియబెట్టిన రంగు, చీరలతో పోయింది. నువ్వు నా తప్పును మిల్లంత చేసి, నా మాటకే ఆఫీసు చొక్కా తొడిగావు.

పిన్ని సోమవారం పోయింది. ఆఖర్న నీళ్ళడిగింది. ఇంట్లో ఉన్నవి ఆ బావి నీళ్ళే. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

విచారణకు వస్తున్నాను. ముందు నా కుండ సంగతి, తర్వాత నీ గొట్టం సంగతి చెబుతాను. సంతకం పెట్టినవాడు నీకేమవుతాడంటారు. నా కొడుకు, నేనే నేర్పాను అంటాను. అప్పుడు నీ వైపు తిరిగి, ఈవిడ చెప్పింది నిజమేనా అని అడుగుతారు.

నువ్వేం చెబుతావో వినడానికే వస్తున్నాను.

మీ అమ్మ
(వేలిముద్ర)