తోడేలు తోలు

సరీబెల్ కొండ మేతభూమి, జూన్ 4

నర్సమ్మ జపారాకు మేనమామ అసంకుల్ సలాము, దాని వెనకే కోపమూ.

నువ్వు టీకాల పెట్టెతో మా గుడారాలకు వస్తున్నావని పాలబండి డ్రైవరు చెప్పాడు. మానుకో. తట్టు రాకుండా తట్టునే ఒంట్లోకి ఎక్కిస్తారట! మందను కాపాడమంటే తోడేలును దొడ్లోకి పిలిచినట్టు. కాపాడేవాడు పైనున్నాడని శుక్రవారం నమాజు ప్రసంగంలో గొంతు పోయేదాకా చెప్పాను. నా మనవరాలు బెర్మెత్ చెయ్యి నీకు దొరకదు.

నీ మామ

మరచాను: ఉత్త చేతులతో అయితే రా. నీకు తాగడానికి గుర్రపు పాలు బాగా పులిశాయి.

*

జూన్ 6

మామయ్యకు జపారా సలాములు.

ఆ పైనున్నవాడే మన రక్తంలో కాపలా కుక్కల్ని పెట్టాడు. కొత్త రోగాన్ని పసిగట్టి తరమడానికి వాటికి రోజులు పడతాయి. ఈలోపు రోగం మందను చీలుస్తుంది. ఒకసారి వాసన పట్టాయా, ఇక మరవవు. మీరు కుక్కపిల్లల ముందు చచ్చిన తోడేలు తోలు ఈడుస్తారే, టీకా అలాంటిదే.

మీ జపారా

మరచాను: తోలు ఈడ్చినందుకు తోడేలును పిలిచారని మిమ్మల్ని ఎవరైనా అన్నారా?

*

జూన్ 8

జ్ఞానం గల మేనకోడలికి,

గెలిచావు. గ్రంథం తీశాను. సులేమాన్ ప్రవక్త సేన వస్తోంది, ఇళ్ళలో దూరండని చీమ తనవాళ్ళను హెచ్చరించలేదా? ముందు ఎరుక, తరవాతే రక్ష. అయితే సూది ఎందుకు? పక్క గుడారం బోల్సున్ కొడుక్కి తట్టు పోసింది. ఈ పొద్దున బెర్మెత్‌ను తీసుకెళ్ళి వాడి పక్కనే కూర్చోబెట్టి వాసన పట్టించాను. నేనూ అక్కడే కూర్చుని మూడు గిన్నెల టీ తాగాను. ఎల్లుండి మిగతా పిల్లల వంతు.

నీ మామ

మరచాను: నీకు శ్రమ తప్పించాను. పుణ్యంలో సగం నీదే.

*

జూన్ 9

మామయ్యా,

అది తోలు కాదు, ఆకలిగొన్న తోడేలు. ఇంకో పిల్లను ఆ గడప తొక్కనివ్వకండి. పోయిన చలికాలం బెర్మెత్ ఊపిరితిత్తులు ఎంత చెడ్డాయో మీకు తెలుసు. మూడు రోజుల్లోపు టీకా పడితే తోడేలు కన్నా కుక్కలు ముందు లేవొచ్చు. ఇప్పుడే బెర్మెత్‌తో గుర్రమెక్కండి. మీరూ చెయ్యి చాపాలి.

జపారా

ఈసారి మరచింది ఏమీ లేదు.

*

జూన్ 25

నా చీమతల్లి జపారాకు,

బెర్మెత్ క్షేమం. నా ఒళ్ళో కూర్చుని, నీ తోడేలు తోలు కథ వింటూ సూది వేయించుకుంది, చూశావుగా. ముసలి కుక్కకు తోలెందుకని నేను వేయించుకోకుండానే లేచి వచ్చేశాను. బోల్సున్ ఇంట టీ తాగిన పన్నెండో రోజున ఒళ్ళు కాలిపోయింది, ఆపై రెండు రోజులకు ముఖమంతా ఎర్రగా పూసింది. ఎవరినీ రానివ్వక, గుడారంలో ఒంటరిగా పడుకున్నాను. ముప్పై ఏళ్ళ నా ప్రసంగాలకు కదలనివాళ్ళు దూరం నుంచి నా ముఖం ఒక్కసారి చూసి, పిల్లల్ని గుర్రాలెక్కించి నీ దగ్గరికి పరుగెత్తారు. దేవుడు నన్నే తోలుగా వేలాడదీశాడు.

నిన్న బెర్మెత్ టీ గిన్నె పట్టుకుని లోపలికి వచ్చేసింది. దగ్గరికి రావద్దని కసిరాను.

"ఈ తోడేలు నాకు తెలుసు తాతా," అంది.

చీమ మాటకు సులేమాన్ చిరునవ్వు నవ్వాడని గ్రంథంలో ఉంది. నాకు నవ్వు రాలేదు, కన్నీళ్ళొచ్చాయి.

నీ మామ

మరచాను: సూదికి అడ్డంగా గ్రంథాన్ని పెట్టాను. అందులో సూది వద్దని ఎక్కడా లేదు. చిన్నప్పుడు బడికి టీకాల బండి వస్తే గుర్రమెక్కి పారిపోయేవాణ్ణి. అప్పుడూ ఇప్పుడూ ఉన్నది భయమే. శుక్రవారం నా నోటితోనే చెబుతాను. అందాకా నువ్వు ఎవరికీ చెప్పకు.