రవీందర్ పేరున వచ్చే మెయిల్

7 జులై 2025, సోమవారం

మరిది గోవర్ధన్ మళ్లీ అదే మాట ఎత్తాడు. నెలాఖరుకి మా ఆయన రవీందర్ పేరున ఉన్న పాత డొమైన్ గడువు తీరిపోతుందట, ఇగ వదిలేద్దాం వదినా అన్నాడు. శివ కార్గో అని బోర్డు మార్చినం, కొత్త డొమైన్ తీసుకున్నం, ఇంకా గా పాతది ఎందుకు అని. అన్న పేరును నా ముందే పాతది అంటాడు. మనసులో ఏమీ ఉండదు, నోరే అంత. అయినా ఒళ్లు మండింది.

రెండు డొమైన్లకు వచ్చే మెయిల్ ఒకే ఇన్‌బాక్స్‌లో పడుతుంది. నేనే పట్టుబట్టి అలా పెట్టించాను. పూలు, మామిడిపండ్లు, మెషిన్ పార్టులు పంపే పార్టీలన్నీ కొత్తదానికి రాస్తాయి. పాతదానికి రాసేది గల్ఫ్ లేబర్ క్యాంపుల వాళ్లే. అక్కడ మనవాళ్లెవరైనా చనిపోతే ఆ శవపెట్టెను ఎయిర్‌పోర్టు కార్గోలో దింపుకుని ఇంటికి చేర్చడం రవీందర్ పని. పెట్టె రాకముందే ఆ ఇంటికి పోయి, కబురు కూడా తనే చెప్పేవాడు.

మార్చిలో నా రవీందరే పోయాడు. ఆ కార్గో గేటు దగ్గరే, గుండె ఆగి. క్యాంపుల వాళ్లకు తెలియదు. నేను మెయిల్ రాస్తానంటే మా అత్తమ్మ శివమ్మ ససేమిరా అంది. చావు కబురు మనిషి పోయి చెప్పాలె గని గిట్ల కంప్యూటర్ల కొట్టి పంపుతరా అని కోప్పడింది. మస్కట్‌కు, దోహాకు మనిషిని ఎక్కణ్నుంచి తేవాలి? అలాగే ఉండిపోయింది. వాళ్లు ఇప్పటికీ రవీందరన్నా నమస్తే అనే మొదలుపెడతారు. అది చదివితే వాకిట్లో ఎవరో ఆయన్ని పిలిచినట్టు ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆ పిలుపు కోసమే రోజూ ఆఫీసుకు వస్తున్నాను.

9 జులై

మస్కట్ నుంచి మెయిల్, పాత డొమైన్‌కు. ఆయన పోయాక చావు కబురు రావడం, నేను జవాబివ్వడం ఇదే మొదలు. రాజయ్య అనే ఆయన ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాశాడు. మామిడిపల్లి పాండు నిద్రలోనే పోయాడట. పొద్దున లేపితే లేవలేదట. ఇగ ఏం చేయాలన్నా, జర తొవ్వ చూపెట్టు అని అడిగాడు. పాస్‌పోర్టు కాపీ, డెత్ సర్టిఫికెట్ పంపమని వెంటనే రిప్లై కొట్టాను.

10 జులై

కాగితాలు రాలేదు, తిట్లు వచ్చాయి. మేం రవీందరన్నకు రాస్తే నడిమిట్ల నువ్వెవరు, శివ కార్గో ఏంది, పీనుగ మీద కూడ దందా చేస్తరా అని రాశాడు రాజయ్య. అప్పుడు చూసుకున్నాను. మెయిల్ వచ్చింది పాతదానికి, నా రిప్లై పోయింది కొత్తదాని నుంచి. ఆయన తిట్టడంలో తప్పేముంది? క్యాంపుల చుట్టూ తిరిగే ఏజెంట్లు అలాంటివాళ్లే.

ఫ్రమ్ దగ్గర పాత అడ్రస్ పెట్టి అదే మెయిల్ మళ్లీ పంపాను. కింద ఎవరి పేరూ రాయలేదు.

10 జులై, సాయంత్రం

కాగితాలన్నీ వచ్చాయి. సంతోషపడాలో ఏడవాలో తెలియడం లేదు.

14 జులై

పెట్టె గురువారం పొద్దున ఫ్లైట్‌లో వస్తుంది.

రాజయ్య ఇంకోటి కూడా రాశాడు. పాండు భార్య ఈరమ్మకు ఏమీ చెప్పలేదట. ఆమె ఫోన్ చేస్తే డ్యూటీల ఉన్నడని అబద్ధం చెప్పాడట. నువ్వే ఇంటికి పోయి చెప్పాలన్నా, నువ్వైతే మెల్లగ చెప్తవు, నువ్వున్నవనే మాకు ధైర్యం అన్నాడు.

పేరు రాయకుండా ఊరుకున్నందుకు ఇదిగో, ఆయన చేసే పని నా నెత్తిన పడింది. ఆమె ఇంకా మొగుడు బతికున్నాడనే అన్నం వండుకుంటోంది.

15 జులై

గోవర్ధన్‌ని పొమ్మన్నాను. నాతోని కాదు వదినా, అన్న యాదికొస్తె నా నోట్లెకెల్లి మాట రాదు అన్నాడు. ఫోన్ చేసి చెప్పేద్దాం అన్నాడు. ఆ మాటకు అత్తమ్మ వాణ్ని తిట్టిన తిట్టు రాయకూడదు.

మరి నేను పోతానంటే అదీ వద్దంది. మొగుడు పోయి ఏడాది నిండనిదానివి, ఇంకొకళ్ల గడపల అడుగు పెడతవా అని. నాకూ కోపం వచ్చింది. గడప దాటను, బయట నిలబడే చెప్తానని అరిచాను. అత్తమ్మ మీద గొంతు లేపడం ఇదే మొదలు.

16 జులై

పొద్దున నేను బయల్దేరేసరికి అత్తమ్మ చెప్పులేసుకుని వాకిట్లో ఉంది. ఒక్కదానివే ఎట్ల పోతవు, పద అంది.

రవీందర్ ఒక మాట చెప్పేవాడు. కబురు చెప్పేదాకా ఆ ఇంట్లో నీళ్లు తాగొద్దు. తాగి చెబితే, వాళ్లు చేతులారా మర్యాద చేసి చావు కబురు విన్నట్టు అవుతుందని. ఆ పట్టింపు ఆయన సొంతం.

ఈరమ్మ చింతపండు ఆరబోస్తోంది. ఎవరు కావాలె అక్కా, ఎండల నిలబడ్డరు, లోపలికి రండ్రి అంది. మస్కట్ క్యాంపు నుంచి కబురు వచ్చిందన్నాను. ఆమె మొహం వెలిగింది. గబగబా లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. నేను చెయ్యి చాచలేదు. అత్తమ్మా చాచలేదు. ఈరమ్మ ఆ చెంబు పట్టుకునే నా బోసి నుదురు చూసింది, తర్వాత అత్తమ్మ కళ్లు చూసింది. ఎప్పుడు అని అడిగింది.

చెప్పాను. నేను మెల్లగా చెప్పలేకపోయాను, ఏడుస్తూ చెప్పాను. అత్తమ్మే ముందు గడప దాటింది. ఈరమ్మను ఒళ్లోకి తీసుకుని, నా కొడుకు కూడ గిట్లనే పోయిండు బిడ్డా అంది. మార్చి నుంచి అత్తమ్మ ఆ మాట నోటితో అనడం నేను వినలేదు.

17 జులై

పాండు ఇల్లు చేరాడు.

18 జులై

పాత అడ్రస్ నుంచి రాజయ్యకు రాశాను. పాండును ఇంటికి చేర్చాం. ఈరమ్మకు నేనే చెప్పాను. రవీందర్ మార్చిలో చనిపోయాడు. నీ దగ్గరికి వచ్చి చెప్పలేక ఇలా రాస్తున్నాను, మన్నించు. కవిత, రవీందర్ భార్య.

అత్తమ్మ పక్కనే కూర్చుంది. చదివి వినిపిస్తే, పంపు అంది.

23 జులై

జవాబు లేదు. డొమైన్ సంగతి గోవర్ధన్ ఎత్తడు, నేనూ ఎత్తను.

28 జులై

రాజయ్య రాశాడు. నా మెయిల్ క్యాంపులో అందరికీ చదివి వినిపించాడట. ఆ పూట ఎవరూ పొయ్యి వెలిగించలేదట. గోడ మీద అన్న పేరు, అడ్రస్ రాసుకున్నం అక్కా, కొట్టెయ్య బుద్ధి కాలె, కింద నీ పేరు రాసినం అన్నాడు.

ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను. గోవర్ధన్ కాసేపు నా వెనక నిలబడి చదివాడు. తర్వాత తన సీట్లోకి పోయి, నాకేమీ చెప్పకుండా పాత డొమైన్ రిన్యూ చేశాడు.

4 ఆగస్టు

పాత డొమైన్‌కు మెయిల్. పోయింది రావిర్యాల పెంటయ్య. అడ్రస్‌లో రవీందర్ పేరే ఉంది. మొదటి లైను: కవితక్కా, నమస్తే.

అత్తమ్మ చెప్పులేసుకుంటోంది.