జారని ముడి

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు ఆరేళ్ళు. ధర్మవరంలో ఈ ఏడు కూడా వాన లేదు.

ఆఫ్రికాలో బట్టల వ్యాపారం చేసే ఆడవాళ్ళు కొందరు మన పట్టు నేత, అమ్మకం నేర్చుకోవడానికి వచ్చారు. వాళ్ళలో ఘనా నుంచి వచ్చిన ఆమా, నీ తర్వాత ఎవరూ కూర్చోని నీ మగ్గం గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంది.

తెగిన పోగు అతకడం చూపించబోయాను. నా ముడి ఎప్పటిలాగే జారింది. నీ ముడి జారేది కాదు. రేపు నేర్పిస్తానంటూనే వెళ్ళిపోయావు.

ఆమా నా పక్కకు తిరిగి, ఎవరి మాటో వింటున్నట్టు తలూపింది. పోగును పెదవితో తడిపి, నీలాగే ఎడమచేత్తో అచ్చం నీ ముడే వేసింది.

"ఎవరు నేర్పించినారమ్మా నీకు?" అన్నాను.

ఒకరి మాట ఇంకొకరికి చెప్పడానికి వచ్చిన ఇంగ్లీషు టీచరమ్మ ఆమెను అడిగి, నా వైపు చూసింది.

"నీ పక్కన నిలబడుండే ఆమె చూపించిందంట. ఆమె ఎవరని నన్నే అడుగుతాండాది."

నా పక్కన ఎవరూ లేరు.

ఆమా నా చెయ్యి పట్టుకొని ఆ ముడి మూడుసార్లు వేయించింది. ఇప్పుడది నాకూ వచ్చింది. కానీ అక్కా, ఆరేళ్ళుగా ఈ గదిలోనే ఉన్నాను. దేశంగాని దేశం మనిషికి కనపడినదానివి, నాకెందుకు కనపడలేదు?