‘మార్క్’ అంటే వెంబడే ఉండటం

కొల్లూరు

అమ్మకు, పుష్ప దండాలు. నేను బాగున్నాను.

పోయిన వారం ఇక్కడి బడిపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ ‘మార్క్, మార్క్’ అని అరిస్తే, రవళి అనే పిల్ల గుర్తు పెట్టమన్నాననుకుని, ఆగి మడమతో నేల మీద గీత గీసింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. వాళ్లింటికి వెళ్లి, "తప్పు నాదే, అర్థం చెప్పలే" అన్నాను.

"మరి ఏం జెయ్యాలె మేడం?"

వరండాలోనే తన వెంట నడిచి చూపించాను. "గిట్ల, ఎదుటిపిల్లకు బంతి అందకుంట వెంబడే ఉండాలె."

నిన్న లక్డారం జట్టు చేతిలో ఓడిపోయాం. కానీ రవళి కాచిన పిల్ల ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయింది. ఇకనుంచి ఏదైనా ముందు చేసి చూపించాకే దాని పేరు చెబుతాను.

నాకు కంపెనీలో పని చూడమని మామను అడగొద్దు, ఈ ఆట నేర్పే పని వదలను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? జట్ల గుర్తుకు పట్టీలు కుట్టాలి, పాత చీరలు పంపు. సెలవులకు చెల్లిని కూడా పంపు, దానికీ నేర్పుతాను.

నీ బిడ్డ
పుష్ప