డాక్టరమ్మ ఒక్కపొద్దు

1996 ఆగస్టు 4, ఆదివారం

వారమంతా సిటీ ఆస్పత్రిలో షుగర్ పేషెంట్లను తిట్టేది చాలక, ఆదివారాలు శంషాబాద్ క్లినిక్‌కి వచ్చి మరీ తిడతాను. ఇవాళ మంఖాల్ ఊరి ప్రేమలత వంతు. ఎనిమిదో నెల. ఇంతకుముందు రెండు కాన్పులూ పోయాయి, రెండూ షుగర్ వల్లే. ఈ బిడ్డయినా దక్కాలి. ఇన్సులిన్ సూది ఒక్క పూట కూడా తప్పకూడదని, చక్కెర విషమని కళ్ళెర్రజేసి చెప్పాను. అత్త రుక్మిణమ్మ పక్కన నిలబడి తలూపింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. మంచినీళ్ళ రంజన్ కుండ కింద తడి ఇసుకలో ఇన్సులిన్ సీసా దాస్తోందట. సూది కూడా ఆవిడే వేస్తుందట. ఇలాంటి అత్తని నేనెక్కడా చూడలేదు. మా అత్తగారితో సహా.

ఆగస్టు 17, శనివారం



మధ్యాహ్నం ప్రేమలతను జీపులో వేసుకుని సిటీకి తెచ్చారు. స్పృహ లేదు, ఒళ్ళంతా చెమట, షుగర్ పూర్తిగా పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించగానే కళ్ళు తెరిచింది. లోపల బిడ్డ గుండె కొట్టుకుంటోంది. అది విన్నాకే కూర్చున్నాను.

శ్రావణ శనివారం. వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు, పొద్దుగూకేదాకా ఉపవాసం. బిడ్డ దక్కితే చాలని నాలుగు వారాలు మొక్కుకుందట. పొద్దున్నుంచి మెతుకు ముట్టలేదు. సూది మాత్రం తప్పలేదు. నేను చెప్పాను కదా!

కళ్ళు తిరిగినప్పుడు ఇంత చక్కెరైనా నోట్లో వెయ్యకూడదా అని రుక్మిణమ్మ మీద అరిచాను. నువ్వే గద బిడ్డా ఇషమంటివి, నా చేత్తోని ఎట్ల పెడ్త, అంది.

అన్నీ చెప్పాను. ఒక్కపొద్దులుంటావా అని అడగాలని మాత్రం తోచనే లేదు.

ఆగస్టు 18, ఆదివారం

క్లినిక్ మానేసి వార్డుకే వెళ్ళాను. కళ్ళు తిరిగితే చక్కెర పెట్టాలని రుక్మిణమ్మ చేత పదే పదే చెప్పించాను. ఆవిడ దారికొచ్చింది. కోడలు రాలేదు. మిగతా మూడు వారాలూ ఒక్కపొద్దుంటుందట. మొక్కు ఇడిసిపెడితే కడుపుల బిడ్డకు ఏమన్న అయితదేమో మేడం, అని ఒకటే ఏడుపు. సైన్సు చెప్పాను. గోడకు చెప్పినట్టే.

ఆమె బదులు ఇంకెవరైనా ఉంటే చెల్లుతుందట. రుక్మిణమ్మవి ఆవిడ సొంత మొక్కు తాలూకు ఒక్కపొద్దులు, అవి దీనికి పనికిరావు. మరి ఆవిడ కొడుకు శివశంకర్? వానితోని కాదమ్మా, పొద్దు ఎక్కకముందే మిర్చీల బండి కాడుంటడు, అంది రుక్మిణమ్మ. ఒళ్ళు మండి, సరే, నేనుంటాను పోండి, అన్నాను.

వెటకారంగానే అన్నాను. అత్తాకోడళ్ళిద్దరూ చేతులు జోడించారు.

ఆగస్టు 24, శనివారం

ఆకలి. పాపం, హౌస్ సర్జన్ మీద ఊరికే అరిచాను.

ఆగస్టు 31, శనివారం

మా ఆయన వరప్రసాద్‌కి నవ్వు ఆగడం లేదు. మా అమ్మ ఎన్నేళ్ళు చెప్పినా ఉండనిదానివి, ఎవరో రుక్మిణమ్మ చెబితే ఉంటున్నావా, అని దెప్పుతున్నారు. దానివల్ల ప్రేమలత వేళకు తింటోంది, షుగర్ కంట్రోల్‌లో ఉంది, అన్నాను. నిజమే. కానీ అదొక్కటే నిజం కాదు. ప్రేమలత పడిపోయిన ఆ శనివారం లోపలి బిడ్డకి ఏమైనా అయిందేమోనని నాకు భయం. స్కాన్‌లో అంతా బాగానే ఉంది. భయం పోవడం లేదు. ఈ ఆకలి ఉన్నంతసేపూ ఏదో చేస్తున్నట్టుంది.

సెప్టెంబర్ 6, శుక్రవారం

సిజేరియన్. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. పిల్లల డాక్టర్ తంటాలు పడుతుంటే నేను థియేటర్ గోడకి ఆనుకుని నిలబడ్డాను. చివరికి ఏడ్చింది. కానీ షుగర్ బాగా పడిపోయింది, అద్దాల పెట్టెలో పెట్టారు. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు. ఈ మాట నేనెంతమందికి చెప్పుంటానో. వినడం ఇంత కష్టమని తెలీదు.

సెప్టెంబర్ 7, శనివారం

పొద్దుగూకింది. పాప షుగర్ నిలబడింది. తల్లి పక్కన పడుకుని పాలు తాగుతోంది.

రుక్మిణమ్మ డబ్బా మూత తీసి అన్నం, పప్పు కలిపింది. ఆవిడా పొద్దున్నుంచి తినలేదు. మొదటి ముద్ద నా నోటి ముందు పెట్టి, తిను బిడ్డా, నువ్వు తింటెనే నేను తింట, అంది.

వార్డంతా చూస్తోంది. నోరు తెరిచాను.