బిళ్ళ చేతికొచ్చేదాకా

పుణే,
ఆదివారం పొద్దున.

బాపుకు,

నీ కొడుకు తిరుపతి దండం పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ మంచిగున్నాను. నీ మోకాలు ఎట్లుంది? బొగ్గుబాయి దిగేటప్పుడు పట్టీ కట్టుకుంటున్నావా, లేక అది గూట్లోనే పడి ఉంటోందా? అవ్వ బీపీ గోలీలు తప్పకుండా వేసుకుంటోందా? చెల్లె లావణ్య పరీక్షలు ఎట్లా రాసింది? అందరి సంగతీ రాయించు.

ఫోను ఉండగా ఉత్తరమేంటని అవ్వ అడుగుతుంది. ఫోనులో నేను సగం మాటకే గరమైపోతాను, నీకు తెలుసు. కాగితం మీద అరవడం కష్టం. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఎడతెగని వాన. ఉతికిన అంగీ మూడు రోజులైనా ఆరడం లేదు. పొద్దున అటుకులు, పగలు చపాతీ, కూరలో చక్కెర. కూరలో చక్కెర వేసేవాళ్ళతో నాకు కుదరదని మొదటి వారమే గొడవపడ్డాను. ఇప్పుడు మా ఆఫీసులోనే పనిచేసే మెట్‌పల్లి గంగాధరన్నా నేనూ ఒకే గదిలో వండుకుంటున్నాం. కడుపు నిండుతోంది, ఫికర్ చేయకు. అవ్వను ఎల్లిపాయ కారం కొంచెం ఎక్కువే పంపమను, అన్న సగం తినేస్తున్నాడు.

అసలు సంగతికి వస్తాను. నెల కిందట ఫోనులో "గక్కడ ఏం పనిరా నీది? జర సమజయ్యేటట్టు చెప్పు" అని అడిగావు. సగం చెప్పి వదిలేశాను. ఇప్పుడు మొత్తం రాస్తాను.

ఆసుపత్రులకు రక్తం పంపే ఒక సంస్థ ఉంది. ఏ సంచి ఎక్కడుంది, ఎవరికి పోయింది అనే లెక్కంతా మా దగ్గరి నాలుగు సర్వర్లు పంచుకుని చూస్తాయి. సర్వరంటే పెద్ద కంప్యూటరే. ఆసుపత్రి రక్తం అడిగితే రెండు పనులు జరగాలి. నిల్వలోంచి సంచిని తీసేయాలి, ఆసుపత్రి పేర రాయాలి. జరిగితే రెండూ జరగాలి, లేకుంటే రెండూ జరగకూడదు. ఒకటయ్యాక సర్వర్ పడిపోయిందనుకో, ఆ సంచి నడుమ ఇరుక్కుంటుంది. ఫ్రిజ్‌లో కళ్ళ ముందే ఉంటుంది, కానీ ఎవరికీ ఇవ్వడానికి రాదు. అవతల ఎవరో దానికోసం మంచం మీద ఎదురుచూస్తుంటారు.

అందుకని ప్రతి సర్వర్ ఎంతవరకు చేసిందో ఒక పుస్తకంలాంటి దాంట్లో రాసుకుంటుంది. ఒకటి పడిపోతే పక్కది ఆ పుస్తకం తీసుకుని, సగంలో ఆగినవాటిని తేల్చాలి. పూర్తి చేయాల్సినవి చేయాలి, కొట్టేయాల్సినవి కొట్టేయాలి. ఈ ఏర్పాటు చేసే పని నాకిచ్చారు. పుస్తకం సర్వర్ సొంత డిస్కులో ఉంటే దానితోపాటే పోతుంది కదా, అందుకే నాలుగింటికీ అందే చోట పెట్టాను. అందరూ బాగుందన్నారు. అది నా తలకెక్కింది.

అదే ఆ రోజు ఫోనులో నీకు గొప్పగా చెప్పాను. నువ్వు ఒక్కటే అడిగావు. "గా సర్వరు నిజంగ ఆగిపోయిందని ఎవలు జూసిండ్రు? పిలిస్తె పలుకకుంటె సచ్చినట్టేనారా?"

"నీకు తెల్వదు బాపూ, ఇది బొగ్గు కాదు" అన్నాను. నువ్వు "సరే బిడ్డా" అని ఫోను అవ్వకిచ్చావు. అప్పటినుంచి నా ఫోను నువ్వు ఎత్తడం లేదు.

ఆ తరువాతి గురువారం నా ఏర్పాటుకు పరీక్ష పెట్టారు. అది నెగ్గితే ఈ జట్టులో ఉంటాను, పోతే మళ్ళీ ఫిర్యాదుల ఫోన్ల దగ్గర కూర్చోవాలని మా జట్టు పెద్ద స్నేహల్ మేడమ్ ముందే చెప్పింది. డిప్లొమా సగంలో వదిలి, వీడియోలు చూసి నేర్చుకున్నవాణ్ణి. మిగతా అందరికీ డిగ్రీలున్నాయి. ఓడిపోతానేమోనని చూడటానికే కొందరు వచ్చి నిలబడ్డారు.

పరీక్ష చేసింది మా జట్టులోని రోహన్ అనేవాడు. వాడు సర్వర్‌ను ఆపలేదు. సర్వర్లు ఒకదాని క్షేమం ఒకటి కనుక్కునే లైను మాత్రం తెంపాడు. మొదటి సర్వర్ బతికే ఉంది, పలకడం లేదంతే. రెండోది అది చచ్చిందనుకుని పుస్తకం తీసుకుంది, సగంలో ఉన్న సంచిని కొట్టేసి ఇంకో ఆసుపత్రికి రాసేసింది. ఈలోపు మొదటిది తన పని తాను పూర్తి చేసింది. ఒకే సంచి రెండు ఆసుపత్రులకు పోయింది! ఉత్తుత్తి సంచీలే అనుకో. కానీ రోహన్ హిందీలో అడిగాడు, సంచి నడిమికి కోసి పంచుతావా అని. అందరూ నవ్వారు.

క్యాంటీన్‌కు పోయి బల్ల గుద్దాను. గంగాధరన్న వెనకే వచ్చాడు.

"ఎవలను తిడుతున్నవ్ తమ్మీ, రోహన్‌గాన్నా?"

"నన్నే."

"అయితె జర మెల్లగ తిట్టుకో, నా చాయ ఒలుకుతాంది."

అక్కడ కూర్చున్నప్పుడే నీ ప్రశ్న మళ్ళీ వినిపించింది. దాని వెంటే నీ షిఫ్టులో పనిచేసిన పోశం మామ సంగతి గుర్తొచ్చింది. నేను నాలుగో తరగతిలో ఉన్నాను. మొదటి షిఫ్టు అయిపోయింది, అందరూ పైకొచ్చారు, కానీ బాయి దిగేటప్పుడు ఒక్కొక్కరు తీసుకుపోయి పైకొచ్చాక తిరిగిచ్చే నంబరు బిళ్ళల్లో ఒకటి తక్కువైంది. పోశం వెళ్ళిపోయాడని పదిమంది చెప్పినా, "బిళ్ళ చేతికి రాంది మనిషి పైకొచ్చినట్టు గాదు" అని నువ్వు షిఫ్టు లెక్కకు సంతకం పెట్టలేదు. వాళ్ళింటిదాకా నడిచిపోయి, మంచం మీద గురకపెడుతున్న మామ జేబులోంచి బిళ్ళ తెచ్చి కొక్కేనికి తగిలించాకే తిండి తిన్నావు.

నేను చేయనిది అదే. ఇప్పుడు ప్రతి సర్వర్‌కూ ఒక బిళ్ళ పెట్టాను. పుస్తకం ఉన్నచోట దాన్ని కొద్దిసేపటికోసారి కొత్తది చేయించుకోవాలి. చేయించుకోలేకపోతే సర్వర్ తనంతట తానే పని ఆపేయాలి. ఆ గడువు దాటాకే పక్కది పుస్తకం ముట్టుకోవాలి, అంతకుముందు కాదు. అంతసేపు సంచి ఇరుక్కునే ఉంటుందని రోహన్ అన్నాడు. ఉండనీ, అర నిమిషం ఆగితే మనిషి చావడు, ఒక సంచి ఇద్దరికి రాస్తే రెండోవాడికి ఏం ఎక్కిస్తావని అడిగాను. గొంతు పెద్దగానే లేచింది. మేడమ్ నా వైపే మాట్లాడింది.

మొన్న మళ్ళీ పరీక్ష. రోహన్ మూడుసార్లు లైను తెంపాడు, ఒకసారి సర్వర్‌నే ఆపేశాడు. నాలుగుసార్లూ ఒక సంచి ఒక ఆసుపత్రికే పోయింది. నేను జట్టులో ఉన్నాను బాపూ. ఈ ఉపాయం ఎక్కడ చదివావని మేడమ్ అడిగితే, చదవలేదు, మా బాపు బొగ్గుబాయిలో షిఫ్టు మనుషులను చూసుకునే సర్దార్ అని చెప్పాను. రోహన్ కూడా నవ్వలేదు.

నీకు తెల్వదన్నాను. తెలియనిది నాకు. తప్పు నాదే.

ఇంకొకటి తేలలేదు. పడిపోయిన సర్వర్ బాగై తిరిగొస్తే తన పుస్తకం తనకిమ్మని అడుగుతుంది. అప్పటికి పక్కది దాంట్లో సగం పని మీద ఉంటుంది. వెంటనే లాక్కుని ఇవ్వాలా, చేతిలో పని అయ్యేదాకా వచ్చినవాణ్ణి బయట కూర్చోబెట్టాలా? రోహన్ ఒకటంటాడు, నేనొకటంటాను. నడి షిఫ్టులో ఒక సర్దార్ పోయి ఇంకొకరు వచ్చి, మళ్ళీ మొదటివాడు తిరిగొస్తే, మనుషులు ఎవరి మాట వినాలి? మీ బాయిలో ఏం చేస్తారు? ఈ బుధవారం కాక వచ్చే బుధవారంలోపు నేను మేడమ్‌కు చెప్పాలి. నువ్వు చెప్పేదాకా ఏదీ ముట్టుకోను. ఈసారి ఫోను ఎత్తు బాపూ, మధ్యలో మాట్లాడను.

అవ్వకు, నానమ్మకు నా దండాలు, లావణ్యకు నా ప్రేమ. పోశం మామ కనిపిస్తే అడిగానని చెప్పు. నీ దీవెన నా మీద ఉండాలి.

నీ కొడుకు,
తిరుపతి