మెనూ చూసి లేచి వచ్చేసినందుకు

చిట్టీ,

మీ అక్క పోయిన రోజు మధ్యాహ్నం తనే, "ముందు వెళ్ళి ఏదైనా తినిరండి" అని నన్ను ఆసుపత్రి క్యాంటీనుకు పంపింది. గోడమీది బోర్డులో చివరి పేరు చదివేసరికి మొదటిది మరిచిపోయాను. వెనక జనం తోసుకొస్తుంటే తినకుండానే పైకి వెళ్ళి, తిన్నానన్నాను.

"ఏం తిన్నారు?"

ఆమె దుప్పటి సర్దబోయాను.

"బోర్డంతా చదివి వచ్చేశారన్నమాట" అని నవ్వింది. సాయంత్రానికి లేదు.

ఇలా మనసు ఒకచోట నిలవకపోవడాన్ని ఏడీహెచ్‌డీ అంటారని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. బయట తినాల్సివస్తే మీ అక్కే మెనూ మూసేసి, రెండు పేర్లు చెప్పి ఒకటి ఎంచుకోమనేది. నాకు నామోషీ అని మీకెవరికీ తెలియనివ్వలేదు.

నిన్న హోటల్లో మీ అమ్మాయి అంత లావు మెనూ చేతికిచ్చి, "పెదనాన్నా, నా మొదటి జీతం! మొహమాటపడితే ఊరుకోను" అంది. పేజీలు తిప్పేకొద్దీ ముందు చదివినవి మరిచిపోయాను. ఫోను వచ్చిందని బయటికి వచ్చి, అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయాను. ఏ ఫోనూ రాలేదు. తనేం తప్పు చేసిందోనని పిల్ల ఏడ్చిందట, మీ ఆయన చెప్పాడు. తలెత్తుకోలేకపోతున్నాను.

నువ్వు పిల్లకు ముందే చెప్పకు. రేపు పొద్దున తను ఆఫీసుకు బయలుదేరకముందే వస్తాను. ఇదంతా నా నోటితో చెప్పి, మళ్ళీ తీసుకెళ్ళమని నేనే అడుగుతాను.

మీ బావ